విత్తుకు వదిలిన కాయ

"టీచర్ బట్టలారేయడానికి పైకొచ్చేలోపల దాన్ని కోసెయ్యండన్నా," అని చెప్పి, ఇంట్లో పనిచేసే వనజ రెండు ఖాళీ బకెట్లూ తీసుకుని మెట్లు దిగిపోయింది. గొంతు పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. ఇంట్లో ఉప్పు అయిపోయింది తెప్పించండి అన్నట్టే అంది. తిరగేసిన రంగుడబ్బా మీద కూర్చున్న కణారన్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. చేతిలో పాత బీడీల కత్తెర, ఎదురుగా డాబా నిండా వరసలు తీరిన గ్రో బ్యాగులు, చేపలు దింపాక బజార్లో పారేసే తెల్ల పెట్టెల్లో ఎర్ర తోటకూర, పగిలిన బిందెలో వంగ, వాటన్నిటి మీదుగా నైలాను వలపందిరి, ఆ పందిరంతా పొట్లతీగ. పందిరి చాలలేదు దానికి. పిట్టగోడ దాటింది, రెండిళ్ల మధ్యనున్న మూరెడు సందు దాటింది, అవతల సౌమిని టీచర్ బట్టల తీగని నులితీగతో చుట్టి పట్టుకుంది. అక్కడ, ఆవిడ డాబా వైపున, గజం పొడవున నిటారుగా వేలాడుతోంది కాయ. తెల్లటి ఒంటిమీద పచ్చ చారలు నిలువుగా దిగితే, తొడిమ కింద మెడ చుట్టూ మాత్రం ఒక చార అడ్డంగా, ఉంగరం తొడిగినట్టు. ఆ ఉంగరం ఈ చుట్టుపక్కల ఏ పొట్లకాయకీ లేదు. టీచర్ వాళ్లమ్మ పయ్యన్నూరు నించి కాపురానికొస్తూ కొంగున కట్టుకొచ్చిన విత్తుకే ఉంది.

కోసెయ్యండన్నా. దాన్ని కోసెయ్యమంది, అంటే అది ఏమిటో తెలిసే అంది. ఎప్పట్నించి తెలుసు? ఇవాళ తెలిసిందా? కాదు, ఇవాళ తెలిసినదాని గొంతు అలా ఉండదు. పోయిన నెల జ్వరమొచ్చి తొమ్మిది రోజులు తను మంచం దిగకపోతే ఈ పాదుకి నీళ్లు పోసింది ఆవిడే, ఆకుల మీద ఎర్ర పెంకుపురుగుల్ని ఏరి కిరసనాయిలు డబ్బాలో వేసింది ఆవిడే. మొదటి పిందెని చూసిందీ ఆవిడే. దిగివచ్చి ఇంటావిడ కౌసుతో, "అక్కా, అన్న పొట్లపాదు కడుపుతో ఉంది," అంటే కౌసు నవ్వింది. నాలుగు రోజులు పోయాక కౌసే, "కాయ ఎలాంటిదే, పొడుగుదా పొట్టిదా?" అని అడిగింది. వనజ కాసేపు పలకలేదు. తర్వాత, "పొట్లకాయ పొట్లకాయలాగే ఉందక్కా," అంది. దుప్పటి కింద వొణుకుతూ ఆ మాట విన్నాడు తను. జ్వరంలో ఆ కాసేపు ఎందుకో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. చెవులు కాలిపోతున్నాయి. ఎండ వల్ల కాదు, ఎండ ఇంకా పిట్టగోడ కూడా ఎక్కలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ ఎవరూ దొంగా అనలేదు. అనకుండానే, నువ్వు దొరక్కుండా ఉండు, కాయ కోసి దాచుకో అని, ఎవరి నెత్తిన ఆ నింద పడిందో ఆ మనిషే చెప్పి వెళ్లింది. తిడితే బాగుండును. బకెట్టు నీళ్లు మొహాన గుమ్మరిస్తే బాగుండును. ఎందుకు చెప్పింది? జాలా? జాలి కాదు. ఇందాక కౌసుతో అంటుంటే వినలేదా, "ఒక ఇంటి పని పోయింది, ఇది కూడా పోతే నేనెక్కడికి పోనక్కా?" అని. మాట బైటపడితే గొడవ, గొడవైతే ఈ ఇంటి పని కూడా పోతుంది. అంతే. తన దొంగతనాన్ని తన కోసం కాకుండా ఆవిడ బతుకు కోసం ఆవిడే కాపాడుకోవాల్సి వచ్చింది. ఇంతకంటే నీచం ఉంటుందా అని కణారన్ కత్తెర తెరిచాడు, మూశాడు, తెరిచాడు.

నలభై ఏళ్లు ఈ కత్తెరతోనే తునికాకు కోశాడు. ఒళ్లో చేట, చేట నిండా ఆకు, పొడి, దారపుండ. బీడీల కార్ఖానాలో ఒకడు ముక్కాలిపీట మీద కూర్చుని పేపరు చదివేవాడు, మిగిలినవాళ్లు చేతులు ఆపకుండా వినేవాళ్లు. చదివినవాడి వంతు బీడీలు తలా కొన్ని చుట్టి వాడి చేటలో వేసేవాళ్లు. మూడో తరగతితో ఆగిన కణారన్ లోకం సంగతంతా అలా చెవుల్తోనే చదువుకున్నాడు. చదవడం అయ్యాక వాదనలు లేచేవి, అరుపులు, నవ్వులు, ఒకణ్నొకడు ఎద్దువంటే దున్నవనుకోవడాలు. తను మాత్రం నోరు విప్పేవాడు కాదు. "కణారన్ని అడగండ్రా, వాడు అబద్ధం చెప్పడు," అనేవాళ్లు. నిజమే, చెప్పలేదు. అసలు చెప్తే కదా! పెళ్లయిన కొత్తలో కౌసు తన పుట్టింటివాళ్లతో, "మా ఆయన నోరు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు, తాళంచెవి వాళ్లమ్మ దగ్గరుంది," అనేది. ఊళ్లో అదే పెద్దమనిషితనమైంది. మాట్లాడనివాడు మంచివాడు. అడగనివాడు అభిమానం గలవాడు. అడగడం ఎప్పుడు మానేశాడు? బళ్లో గంజి పోసేచోట. ఆకలేసి ఇంకో గరిటె అడిగితే పోసేవాడు గరిటె పైకెత్తి, "ఒరే, వీడి కడుపులో ఇంకెవరో కూర్చున్నార్రా," అన్నాడు. బడంతా నవ్వింది. ఆ నవ్వుతోనే తన చదువు సరి. తర్వాత అరవై అయిదేళ్లలో ఎవర్నీ ఏదీ అడగలేదు. ఆ బడే, సందు చివర, పెంకులు మారాయి గానీ ఆ బడే. ఇవాళ పదకొండింటికి అక్కడే కూర్చుంటారు, పిల్లలకి మధ్యాహ్నం వండే మనిషిని ఎంచడానికి. ఇద్దరిలో ఒకరు వనజ. కమిటీలో మాట చెల్లేది సౌమిని టీచర్‌ది. అందుకే కదా కూతురి దగ్గర్నించి రాత్రి బండికే దిగింది. "నలభై మంది పిల్లలక్కా, ఇంటింటి అంట్లు తప్పుతాయి. ఇంకో గరిటె అన్నవాడికి ఇంకో గరిటె వేస్తా, నాదేం పోయింది," అంది ఇందాక వనజ. కౌసు, "టీచర్ ఒక్క మాటంటే చాలే," అంది. "ఆ ఒక్క మాటే కదక్కా," అంది వనజ. మెట్ల మీద నిలబడి ఇవన్నీ విని, చప్పుడు చెయ్యకుండా పైకొచ్చేశాడు తను.

ఒక్క మాట. తనదీ ఒక్క మాటే. డిసెంబరులో టీచర్ మంగళూరులో కూతురి పురుటికి పోతూ డాబా తాళంచెవి తన చేతిలో పెట్టింది. "పది రోజులు నీళ్లు పొయ్యండి కణారన్నా. ఎర్రదారం కట్టిన కాయ మాత్రం ముట్టుకోవద్దు, అది విత్తుకు వదిలాను. ఈసారికి అదొక్కటే నిలిచింది." తల ఊపాడు. రోజూ పోశాడు, నిజాయితీగా పోశాడు. ఆ కాయ పసుపు తిరిగింది, నారింజ తిరిగింది, ఎర్రబడింది. అంతకుముందు రెండేళ్లు టీచర్ తనంతట తనే నాలుగేసి గింజలు ఇచ్చింది. మొదటేడు నీళ్లెక్కువై కుళ్లాయి, మరుసటేడు ఎలుక తవ్వుకుపోయింది. మూడోసారి చెయ్యి చాపడానికి మొహం చెల్లలేదు. చాపితే ఆవిడ ఇస్తుంది, ఇస్తూ నవ్వుతుంది, మంచి నవ్వే, కానీ నవ్వుతుంది. అదీగాక అమ్మ చెప్పిన మాటొకటి ఉంది. పొట్ల విత్తు అడిగితే అలుగుతుంది, దొంగిలిస్తే నవ్వుతుంది. ఈ వైపు ముసలమ్మలందరూ అనే మాటే. కరివేపాకు పిలక కూడా ఎవరూ చూడకుండా పీక్కొచ్చి పెడితేనే బతుకుతుందంటారు. రెండు గింజలు, రెండే అనుకున్నాడు. పండిన కాయ కింద పగిలి ఎర్ర గుజ్జు కనపడుతోంది, వేలు పెట్టి రెండు లాగుదామనుకున్నాడు. వేలు తగిలీ తగలగానే తొడిమ ఊడి కాయంతా చేతిలోకి వచ్చేసింది, ఎదురుచూస్తున్నట్టు. ఆ క్షణాన కింద గేటు చప్పుడైంది. వనజ, టీచర్ ఇల్లు తుడవడానికి. ఇంకేం ఆలోచించలేదు. కాయని లుంగీ మడతలోకి తోసి, దాని తడి తొడకి అంటుకుంటుంటే, డెబ్భై నాలుగేళ్లవాడు బళ్లో పిల్లాడిలా మెట్లు దిగాడు. ఎదురొచ్చిన వనజ, "ఏంటన్నా, తూలుతున్నారు, కళ్లు తిరిగాయా?" అని చెయ్యి అందివ్వబోయింది. ఆ చేతిని తప్పించుకుని వెళ్లాడు. ఎర్రదారం మాత్రం తెగి తీగకే ఉండిపోయింది.

టీచర్ వచ్చింది. ఎండిపోతున్న ముసలి పాదు ముందు నిలబడి ఆ దారాన్ని వేలికి చుట్టుకుంది. ఏడవలేదు, అరవలేదు. "కాయేదన్నా?" అంది. తను తల అడ్డంగా ఊపాడు, తెలీదన్నట్టు అనుకుంటే తెలీదనే, ఏం చెప్పను అన్నట్టు అనుకుంటే అదీ. "నేను లేనప్పుడు వనజ పైకొచ్చిందా?" అని అడిగింది. "వచ్చింది," అన్నాడు. అబద్ధం కాదు. వచ్చింది, తుడవడానికి వచ్చింది, వారానికి రెండుసార్లు వస్తుంది. జీవితంలో ఎన్నడూ అబద్ధమాడని మనిషి ఆ నిజం చెప్పి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు. అన్నం సహించింది కూడా. వనజ ఓనం ముందు టీచర్‌ని అడిగిందట, "నాకూ రెండు గింజలు పెట్టండి, మా రేకుల షెడ్డు మీదికి పాకిస్తా," అని. టీచర్ చూద్దాంలే అందట. ఆ అడగడమే తప్పయింది. ఆశపడ్డ మనిషే తీసి ఉంటుందని లెక్క. తొమ్మిదేళ్లు చేసిన ఇంట్లో, "రేపట్నించి వద్దులే, నేనే చేసుకుంటాను," అనిపించుకుంది. దొంగా అనలేదు టీచర్, సంస్కారం గల మనిషి. కానీ సందులో వాళ్లకి సంస్కారం అడ్డురాలేదు. చేపల అబూ బుట్ట దింపి, "పండిన పొట్లకాయ కూరొండుకుందా, పచ్చడి చేసిందా?" అని నవ్వితే అందరూ నవ్వారు. ఆ నవ్వులో తనూ నిలబడి ఉన్నాడు, అరకిలో కవ్వ చేపలు చేత్తో పట్టుకుని. అడిగిన మనిషి దొంగయింది. అడగని మనిషి పెద్దమనిషిగానే ఉన్నాడు.

అంత పాపపు విత్తు మొలవకుండా ఉన్నా బాగుండేది. మూడో రోజుకే మొలిచింది. గుజ్జు కడిగి, బూడిదలో పొర్లించి, అటక మీద ఎండబెట్టి, సంక్రమణం వెళ్లాక రాత్రంతా నానేసి గుడ్డలో కట్టాడు. మట్టిలో సున్నం కలిపి పదిహేను రోజులు ఆరబెట్టాడు. కొబ్బరిపొట్టు, ఎండుపేడ, వేపపిండి సమపాళ్లు. కవ్వ చేపలూ బెల్లమూ మాగేసిన నీళ్లు చుక్కా చుక్కా. ఈ చేతుల్తో అంతకుముందు పెంచిన ఏ తీగా ఇంత ఏపుగా రాలేదు. సాయంత్రాలు తెల్లటి దారపు కుచ్చుల్లాంటి పూలు విప్పుకుని పందిరంతా నవ్వేది. అమ్మ చెప్పింది నిజమే, దొంగిలిస్తే నవ్వుతుంది, కానీ ఎవర్ని చూసి నవ్వుతుందో అమ్మ చెప్పలేదు. కౌసు, వ్యవసాయ ఆఫీసువాళ్లు పంచిన పొట్లంలో విత్తనాలే అనుకుంది, అనుకోనిచ్చాడు. మొదటి నాలుగు కాయలూ చారలు ముదరకముందే కోసి, తనే తరిగి, తొక్క గీకి వంటింట్లో ఇచ్చాడు. "ఎన్నడూ లేనిది మీకు వంట మీద మనసెక్కిందేం?" అంది కౌసు. కొబ్బరీ పెసరపప్పూ వేసి చేసింది. మిగిలింది గిన్నెలో పెట్టి వనజకిచ్చింది. వనజ తీసుకుని వెళ్లింది. తీసుకుని వెళ్లి ఏం చేసింది? తిన్నదా? పిల్లలకి పెట్టిందా, ఏదని చెప్పి పెట్టింది? ఈ పన్నెండు రోజులూ టీచర్ మళ్లీ ఊళ్లో లేదు, ఈసారి తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. ఆ పన్నెండు రోజుల్లోనే తీగ అటు తిరిగింది. రెండుసార్లు వెనక్కి లాగి పందిరికి కట్టాడు, తెల్లారేసరికి మళ్లీ అటే. మూడోసారి చూస్తే ఆ కొనకి వేలెడు పిందె. లాగితే తెగుతుంది. లాగలేకపోయాడు. అంతటితో ఊరుకున్నాడా, పిట్టగోడ మీదికి వొంగి, కాయ వంకర పోకుండా గులకరాయి తెచ్చి చివర కట్టాడు, రెండు చుట్లు చుట్టి కొసని లోపలికి దోపే బీడీ ముడి. సిగ్గనేది మనసుకి గానీ చేతులకి లేదు. పెంచడం తెలిసిన చేతులు పెంచుతాయి.

ఇంకా టైముంది. కింద పంపు దారంలా వస్తుంది, రెండు బకెట్లు నిండాలంటే అరగంట. వొంగి ఒక్క కత్తిరింపు. తీగ ఇటు లాగెయ్యడం, కాయ గోనె కింద పెట్టడం. పదకొండింటికి టీచర్ బడికి పోతుంది, వాళ్లడుగుతారు, ఆవిడ పేచీలు పెట్టే మనిషి కాదు, "పని బాగా చేస్తుంది, చెయ్యే కొంచెం…" అని ఆగుతుంది, ఆ ఆగడం చాలు. వనజ సాయంత్రం మామూలుగా వచ్చి అంట్లు తోముతుంది, రేపూ తోముతుంది, తను చచ్చేదాకా ఈ పాదుకి నీళ్లు మోస్తుంది, తనూ వనజా ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకే కాయ చుట్టూ తిరుగుతారు. మోకాళ్లు పట్టుకుని లేచాడు. పిట్టగోడ దగ్గరికి వెళ్లాడు. కత్తెర తొడిమ దాకా చాపాడు. ఉంగరపు చార మీద నూగు మెరుస్తోంది. కత్తెర వెనక్కి తీశాడు. లుంగీ అంచు నించి ఎర్రపోగు ఒకటి లాగి తెంపి, వొంగి, కాయ మెడకి కట్టాడు. విత్తుకు వదిలిన కాయకి కట్టే దారం. ముడి రెండుసార్లు జారింది, నలభై ఏళ్లలో జారని ముడి. అప్పుడే అవతల డాబా తలుపు గడియ చప్పుడైంది.

సౌమిని టీచర్ తడిబట్టల బకెట్టు నడుముకి ఆనించుకుని, మోకాలు ఈడుస్తూ వచ్చింది.

"ఏం కణారన్నా, పొద్దున్నే ఎండకి కాపలానా?"

"నేనే," అన్నాడు.

"మీరేనని కనపడుతూనే ఉంది. పోయింది మోకాలు గానీ కళ్లు కాదు." నవ్వుతూ బకెట్టు దింపి, చీర దులిపి తీగ మీదికి విసరబోయి, ఆగిపోయింది. తడిచీర భుజం మీదే ఉంది, నీళ్లు కారి కాళ్ల దగ్గర మడుగు కడుతోంది. చెయ్యి చాపి కాయ మెడ మీద ఉంగరాన్ని తడిమింది. "అమ్మా," అంది, కాయనో, వాళ్లమ్మనో. తర్వాత ఎర్రదారం చూసింది, రాయి చూసింది, తీగ వెంబడి చూపు నడిపించుకుంటూ సందు దాటి, పిట్టగోడ ఎక్కి, ఈ పందిరి దాకా వచ్చింది. "అంటే ఇది మీ దగ్గరికి వచ్చిందన్నమాట. చూశారా, నేనెప్పుడో అనుకున్నాను. ఆ వనజే తెచ్చిచ్చిందా మీకు?"

తల ఊపితే చాలు, ఊపకపోయినా చాలు. తాను మాట్లాడకపోతే మిగిలిందంతా జనమే మాట్లాడుకుంటారు, ఇన్నేళ్లూ అలాగే నడిచింది.

"లేదు," అన్నాడు. "నేనే అన్నది అదే టీచర్. నేను కోశాను. డిసెంబరులో. మీ తాళంచెవి అప్పుడు నా బొడ్లోనే ఉంది. రెండు గింజలు తీద్దామనుకున్నాను, కాయ ఊడొచ్చింది, లుంగీలో పెట్టుకుని దిగిపోయాను. వనజ వచ్చిందా అని మీరడిగారు, వచ్చింది అన్నాను. తుడవడానికి వచ్చింది. ఆ సంగతి చెప్పలేదు. కాయ అప్పటికే మా అటక మీదుంది."

ఇన్ని మాటలు ఒక్కసారి ఎప్పుడూ అనలేదు. అవతల టీచర్ పిట్టగోడని పట్టుకుంది. ఆవిడ మొహం ఎర్రబడింది, తన మీద కోపంతో అనుకున్నాడు గానీ ఆవిడ తనవైపు చూడటం లేదు, కింద వీధిలోకి, తొమ్మిదేళ్లు వనజ వచ్చి పోయిన గేటు వైపు చూస్తోంది.

"రెండు గింజలడిగితే ఇవ్వనా కణారన్నా?"

"ఇస్తారు."

"మరి?"

గంజి గరిటె కళ్ల ముందు ఆడింది. అది చెప్పుకోవడానికి ఇవాళ తనకి అర్హత లేదనిపించింది.

"బళ్లో ఏం చెప్పాలో నేను చూసుకుంటాను," అంది టీచర్. "ముందు వనజ కాళ్ల మీద పడాల్సినదాన్ని నేను. కానీ మీరు నాకు చెప్పారు, సరే. దానికి చెప్పారా?"

మెట్ల మీద బకెట్టు రాసుకున్న చప్పుడు. ఒక్కో మెట్టూ ఎక్కి, బరువు దింపి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తుకునే చప్పుడు. ఇన్నాళ్లూ తను పైన కూర్చుని విన్న చప్పుడే, ఎన్నడూ దిగివెళ్లి ఒక బకెట్టు అందుకోలేదు. టీచర్‌కి చెప్పడం కష్టమనుకున్నాడు, కష్టం ఇప్పుడు వస్తోంది. తెలియని మనిషికి చెప్పొచ్చు. అంతా తెలిసి నోరు మూసుకున్న మనిషికి ఏమని చెప్తారు?

వనజ పైకొచ్చింది. ముందు కాయని చూసింది, దాని మెడలో దారం చూసింది, అవతల తడిచీర భుజాన వేసుకుని నిలబడ్డ టీచర్‌ని చూసింది, చివరికి కణారన్ చేతిలో కత్తెరని చూసింది. "కొయ్యమన్నాను కదన్నా," అంది మెల్లిగా.

"వనజా," అన్నాడు కణారన్. పదకొండేళ్లుగా తన ఇంట్లో పనిచేస్తున్న మనిషిని పేరుపెట్టి పిలవడం అదే మొదలని, పిలిచాక, ఆవిడ కళ్లలో చూసి తెలుసుకున్నాడు. తర్వాతి మాట కోసం నోరు తెరిచి నిలబడ్డాడు.

వనజ బకెట్లు దింపి, కొంగుతో మెడ తుడుచుకుని, చెంబు ముంచింది.

"నీళ్లు పొయ్యనివ్వండన్నా, ఎండెక్కుతోంది. మీరు చెప్పండి, పోస్తూ వింటాను," అని, మొదటి చెంబు పొట్లపాదు మొదట్లోనే పోసింది.